పచ్చడి సీసా రాష్ట్రం దాటితే: కొత్త వ్యాపారానికి జీఎస్టీ తీసుకోవాలా, వద్దా

పదకొండేళ్లు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి మానేశాక, మా అత్తయ్యతో కలిసి హనుమకొండలో ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతున్నాను. మొదటి నెలలోనే అందరూ అడిగారు, "జీఎస్టీ నంబర్ తీసుకున్నావా?" అని. ఏడాది అమ్మకం 20 లక్షలు దాటినప్పుడు చూద్దాంలే అనుకున్నాను. అక్కడే పొరపాటు పడ్డాను. ఎంత అమ్ముతున్నారన్నది తర్వాత, ముందు ఎక్కడికి పంపుతున్నారో చూసుకోండి.

వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని బెంగళూరుకు ఆవకాయ, గోంగూర కొరియర్ చేసేదాన్ని. సరుకు రాష్ట్రం దాటితే, అమ్మింది వెయ్యి రూపాయలకే అయినా జీఎస్టీ రిజిస్ట్రేషన్, అంటే ఆ నంబర్ తీసుకోవడం, తప్పనిసరి. చేతివృత్తుల వస్తువుల్లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది కానీ, పచ్చడికి లేదు. నాలుగు నెలలు తెలియకుండానే పంపాను. తెలిసిన రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మర్నాడే బయటి ఆర్డర్లు ఆపేసి సీఏ దగ్గరికి వెళ్లాను.

మా మరిది విజయవాడలో ఉండి బెంగళూరు కంపెనీకి వీడియో ఎడిటింగ్ చేస్తాడు. అతను అమ్మేది సేవ. సేవ రాష్ట్రం దాటినా ఏడాదికి 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇద్దరం పంపేది బెంగళూరుకే, రూలు మాత్రం వేరు.

సొంత రాష్ట్రంలోనే అమ్మేవాళ్లు ఏడాదికి ఎంత అమ్మారో లెక్క చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు 2019 ఏప్రిల్ 1 నుంచి పరిమితి 40 లక్షలు. తెలంగాణలో సరుకుకైనా, సేవకైనా 20 లక్షలే. ఎవరో వీడియోలో 40 అన్నారని ఇక్కడివాళ్లు ధీమాగా ఉండొద్దు. పైగా లెక్కలోకి వచ్చేది లాభం కాదు, ఏప్రిల్ నుంచి మార్చి దాకా మీ పాన్ మీద జరిగిన మొత్తం అమ్మకం. మీకు వచ్చే ఇంటి అద్దె, దాని మీద పన్ను పడకపోయినా, అందులో కలుస్తుంది. పరిమితి దాటిన 30 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. అందుకే ఏ రోజు అమ్మకం ఆ రాత్రే పుస్తకంలో రాసి కూడుకోండి.

తప్పనిసరి కాకపోయినా తీసుకోవచ్చు. అప్పుడు కొనేది ఎవరో చూడండి. నా సరుకు అడిగిన సూపర్ మార్కెట్‌కు జీఎస్టీ బిల్లు కావాలి, నేను వేసిన పన్నును వాళ్లు తమ పన్నులో తగ్గించుకుంటారు. సీసాలు, లేబుళ్లు, గ్రైండర్ మీద నేను కట్టిన పన్ను కూడా అలాగే నాకు తగ్గుతుంది. కానీ వీధిలోవాళ్లకే అమ్మితే ఆ పన్ను వాళ్ల మీదో, నా లాభం మీదో పడుతుంది. అలాంటివాళ్లు పరిమితి దాకా ఆగడమే మేలని నా నమ్మకం. నంబర్ లేకుండా మాత్రం బిల్లులో జీఎస్టీ వసూలు చేయకండి, అది తప్పు.

చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపోజిషన్ స్కీమ్‌లో నాలాంటివాళ్లు అమ్మకం మీద 1 శాతం కడితే చాలు. కానీ అందులో ఉంటే సరుకు రాష్ట్రం బయటికి అమ్మకూడదు. బెంగళూరు ఆర్డర్లు వదులుకోలేక నేను మామూలు రిజిస్ట్రేషనే తీసుకున్నాను.

జీఎస్టీ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ దరఖాస్తుకు ఫీజు లేదు. పాన్, ఆధార్, ఫొటో, కరెంటు బిల్లు, అద్దె ఇల్లయితే ఒప్పంద పత్రం దగ్గర పెట్టుకోండి.

నంబర్ తీసుకున్నాక అమ్మకం లేని నెల కూడా సున్నా రిటర్న్, అంటే ఏమీ అమ్మలేదని చూపే లెక్క, వేయాల్సిందే. మామిడికాయల సీజన్ అయ్యాక ఒక నెల ఏమీ అమ్మలేదని వేయకుండా వదిలేశాను, రోజుకు 20 రూపాయల చొప్పున లేట్ ఫీజు పడింది. నెలనెలా వేసేవాళ్లకు అమ్మకాల వివరాలకు తర్వాతి నెల 11వ తేదీ, పన్ను రిటర్న్‌కు 20వ తేదీ గడువు. ఇప్పుడు నా ఫోన్‌లో 9న ఒకటి, 18న ఒకటి అలారం మోగుతుంది.