చట్టం గట్టిగానే ఉన్నా తుపాకులు ఎట్లొస్తున్నాయి? సమస్య - పరిష్కారం

షికాగోలో ఉండే మా అన్న కొడుకు మొన్న తిరుపతికి వచ్చినప్పుడు అడిగినాడు, చిన్నాన్నా మా దగ్గర తుపాకీ కొనాలంటే రాష్ట్రం ఇచ్చే కార్డు కావాల, డబ్బు కట్టినా 72 గంటలు ఆగాల, అయినా కాల్పులు ఆగట్లేదే, ఆ చట్టం దండగేనా అని. దండగ కాదు, లీకు వేరే చోట ఉంది.

సమస్య 1: చట్టం గట్టిగా ఉన్న ఊర్లోనే తుపాకులు దొరకతా ఉంటాయి

కారణం పక్క రాష్ట్రం. పలమనేరు వాళ్లకి ఇది వివరంగా చెప్పే పనే లేదు. 2020 మే నెలలో మన ఆంధ్రాలో మందు రేట్లు 75 శాతం పెంచినారు, నంగిలి దాటితే కర్ణాటక, అక్కడ అప్పుడు చవక. ఆ రోజుల్లో ఒకసారి బస్సు కిటికీలోంచి చూసినా, బైకుకి కట్టిన పాల క్యాను పోలీసులు దించి మూత తీస్తే పైన గిన్నెడు పాలు, ఆ గిన్నె ఎత్తితే కింద అంతా మందు టెట్రా ప్యాకెట్లే.

షికాగో కూడా ఇండియానా రాష్ట్రానికి ఆనుకునే ఉంది. అక్కడ కొనడానికి పర్మిట్ అక్కర్లేదు, షాపులో అయితే అమెరికా కేంద్ర చట్టం ప్రకారం పాత కేసులు చూస్తారు కానీ ఒక మనిషి సొంత తుపాకీ ఇంకొకరికి అమ్ముకుంటే అదీ లేదు. షికాగో నగరం 2017లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం నేరాల్లో దొరికిన తుపాకుల్లో 60 శాతం దాకా బయటి రాష్ట్రాల్లో అమ్మినవే, ఒక్క ఇండియానావే ఐదో వంతు పైన.

పరిష్కారం చెక్‌పోస్టు అనుకుంటారు. మన దగ్గర ఎన్ని పెట్టినా ఆగలేదు, 2024 అక్టోబరులో కొత్త పాలసీ వచ్చి 99 రూపాయల క్వార్టర్ దొరికినాకే మా వైపు ఆ పాల క్యాన్ల బేరం చల్లబడింది. అక్కడా అంతే, రెండు పక్కలా రూలు దగ్గరికి రావాల, అంటే ప్రతి అమ్మకానికీ చెకింగ్ ఉండాల.

సమస్య 2: కొన్నోడు ఒకడు, కాల్చినోడు ఇంకొకడు

వేరే రాష్ట్రం వాడికి షాపువాడు పిస్తోలు అమ్మకూడదని 1968 నుంచి కేంద్ర చట్టం ఉంది. అందుకే అక్కడి అడ్రసు ఉండి కేసుల్లేని మనిషిని ముందు పెడతారు, మన భాషలో బినామీ. చాలాకాలం దీన్ని ఫారంలో అబద్ధం రాసిన తప్పు కిందే చూసినారు, 2022లో చట్టం మార్చి 15 ఏళ్ల దాకా జైలు పెట్టినారు. వర్జీనియా రాష్ట్రంలో దీనికి ఇంకో మంచి విరుగుడు ఉంది, మనిషికి నెలకి ఒక్క పిస్తోలే. 1993లో పెట్టి, 2012లో తీసేసి, 2020లో మళ్లీ తెచ్చుకున్నారు. నాకైతే ఇదే సరైన చోట వేసిన బిరడా అనిపిస్తుంది, ఎందుకంటే ఒకేసారి పది కొనేవాడు ఇంట్లో పెట్టుకోడానికి కొనడు కదా.

సమస్య 3: తుపాకీ దొరికింది, మొదట ఎవరికి అమ్మినారో తొందరగా తేలదు

అమెరికా కేంద్రం దగ్గర తుపాకుల రిజిస్టర్ ఉండకూడదని 1986 నాటి చట్టం. మూతపడిన షాపుల అమ్మకాల పుస్తకాలు అట్టపెట్టెల్లో వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో తుపాకీ ఎవరికి అమ్మినారో వెతికే కేంద్ర ఆఫీసుకి చేరతాయి, పేరు కొట్టి వెతికే వీలుండదు, స్కాన్ చేసిన పేజీలు మనుషులే తిప్పాల. అక్కడి పార్లమెంటు ఆ చట్టం మారిస్తేనే ఇది తీరేది.

మన సంగతి

మనకి 1959 నాటి ఆయుధాల చట్టం దేశమంతా ఒకటే, కాబట్టి పైన చెప్పిన జబ్బు మనది కాదు. మన అడవి పక్క ఊర్లలో బాధ నాటు తుపాకులు, అడవిపందుల కోసమని దాచిపెట్టుకుంటారు. అట్లా దాచకండి, పంట కాపాడుకోడానికి గొట్టం మూతిలోంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు అడగొచ్చని ఆ చట్టంలోనే ఉంది, అప్లికేషన్ కలెక్టరాఫీసులో పెట్టుకోండి.