హైదరాబాద్ నుంచి కోరంగి మడ అడవులకు: పక్షులను ఎలా చూడాలి?

రైలు టికెట్ తీసే ముందు గోడ మీద క్యాలెండర్ చూడండి. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగిలో పిట్టల దినచర్య సూర్యుడి కన్నా సముద్రం మీదే ఎక్కువ ఆధారపడుతుంది. పాటు సమయంలో నీరు వెనక్కి తీసి బురద తేలుతుంది. పీతలు, పురుగులు, చిన్న చేపలు దొరుకుతాయి కాబట్టి ఉల్లంకులు, కొంగలు అక్కడ దిగుతాయి. పోటెక్కాక మీరు ఎంత వెతికినా చాలావరకు కొమ్మల చాటునే ఉంటాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీరు బాగా వెనక్కి పోతుంది, అష్టమి ప్రాంతంలో అంతగా పోదు. గంటల కోసం ఆన్‌లైన్‌లో కాకినాడ టైడ్ టేబుల్ చూడండి. పోటు పాటులు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అందుకని పోయిన వారం వెళ్లొచ్చిన స్నేహితుడు చెప్పిన టైం మీకు పనికిరాదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వలస పక్షులు వచ్చి ఉంటాయి. నవంబరులో మాత్రం తుపాను హెచ్చరికలు చూసుకుని బయల్దేరాలి.

ఈలోగా అమీన్‌పూర్ చెరువు దగ్గర కళ్లకు పని చెప్పండి. గుడ్డి కొంగ, తెల్లరొమ్ము లకుముకి పిట్ట అక్కడ బాగా అలవాటైతే, కోరంగిలో కొత్తది కనిపించగానే తేడా తెలుస్తుంది. ముఖ్యంగా నల్లతల లకుముకి కోసం ఈ సాధన. మన లకుముకికి తల చాక్లెట్ రంగు, గొంతూ రొమ్మూ తెలుపు. నల్లతల దానికి తల నలుపు, మెడ చుట్టూ తెల్ల పట్టీ, పొట్ట నారింజ రంగు. ముక్కు రెండిటికీ ఎరుపే, కాబట్టి ముక్కు చూసి తేల్చేయకండి.

బైనాక్యులర్ 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది) చాలు. 10 రెట్లది పడవ కుదుపుకు బొమ్మను నిలవనివ్వదు.

లింగంపల్లిలో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే కాకినాడ. అక్కడి నుంచి యానాం రోడ్డులో ఆటో మాట్లాడుకోండి. అభయారణ్యం వేళలు, పడవలు తిరుగుతున్నాయా లేదా ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. సెలవు రోజున వెళ్తే మడ చెట్ల మధ్య నడిచే చెక్క దారి మీద సెల్ఫీల సందడే ఎక్కువ, మామూలు రోజుకే నా ఓటు.

చెక్క దారి మీద నడుస్తూ వెతకడం దండగ. బురద కనిపించే మలుపు ఒకటి ఎంచుకుని ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడండి. ముందు శబ్దం, తర్వాత కదలిక, ఆ తర్వాతే బైనాక్యులర్. ఫోన్లో పక్షి కూత మోగించి పిలవొద్దు. అది తిండి మానేసి, మరో పక్షి తన చోటు ఆక్రమించడానికి వచ్చిందని వెతుక్కుంటుంది. తిల్ల చెట్టు కొమ్మలు విరవకండి, దాని పాలు కంట్లో పడితే మంట భరించలేరు.

చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో జాబితా ఎక్కించేటప్పుడు పోటా, పాటా అన్నది కూడా రాసి పెట్టండి. మళ్లీ వచ్చినప్పుడు ఏ పిట్ట ఎప్పుడు దిగుతుందో అదే చెబుతుంది.