బడి లైబ్రరీకి సాఫ్ట్‌వేర్ తీసుకుంటున్నారా? ముందు మీ పుస్తకాలతోనే పరీక్ష పెట్టండి

కడప జిల్లాలో చాలా బడుల్లో లైబ్రరీని చూసుకునేది ఏ తెలుగు సారో, సోషల్ మేడమో. పాఠాలు చెప్పుకుంటూ మిగిలిన టైంలో చేసే పని అది. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ చూసినా నా మొదటి ప్రశ్న ఒకటే: ఇంటర్వెల్‌లో పిల్లలంతా ఒక్కసారిగా వచ్చి నిలబడితే, బెల్లు కొట్టేలోపు పుస్తకాలు రాసిచ్చి పంపగలమా?

ఐదారు వందల పుస్తకాలే ఉంటే ఇప్పుడే ఏమీ కొనొద్దు. అక్సెషన్ నంబరు (లైబ్రరీలో ఒక్కో కాపీకి ఇచ్చే వరస నంబరు), పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ, ధర, బీరువా నంబరు, ఒక్కోటి ఒక్కో కాలమ్‌లో ఎక్సెల్‌లో ఎక్కించండి, రేపు దేనికి మారినా ఆ ఫైలే పెట్టుబడి. కాకపోతే యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) టైపు చేయించండి. డీటీపీ సెంటర్లో అలవాటుగా అనూ ఫాంట్లలో కొట్టిచ్చేస్తారు, దాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే ఒక్క అక్షరం కూడా చదవలేం.

పుస్తకాలు వేలల్లో ఉంటే కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ చూడండి. 1999లో న్యూజిలాండ్‌లో తయారీ మొదలై 2000 జనవరి నుంచి వాడుకలో ఉంది, లైసెన్సు ఖర్చు లేదు. కానీ అది లైనక్స్ (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) మీద నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేసి, బ్యాకప్‌లు, అప్‌డేట్లు చూసే మనిషి ఉండాలి. అలాంటి మనిషి కడపలోనో ప్రొద్దుటూరులోనో, పిలిస్తే వచ్చే దూరంలో లేకపోతే ఉచితమని చూసి తీసుకోవద్దు. ప్రభుత్వ లైబ్రరీ అయితే ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ) వాళ్ల ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ గురించి ముందు కనుక్కోండి. దాని 4.0 వెర్షన్ వెబ్‌లో నడుస్తుంది కాబట్టి సర్వర్ మీరు పెట్టుకోనక్కర్లేదు, నెట్ మాత్రం నిలకడగా ఉండాలి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూజీసీ కింద లైబ్రరీల కోసం పనిచేసే సంస్థ) వాళ్ల సోల్ సాఫ్ట్‌వేర్ కాలేజీలు, యూనివర్సిటీల కోసం చేసింది, బడికి అంత అవసరం లేదు.

ఇక అసలు సంగతి డెమో. అమ్మేవాళ్లు కొత్త ఇంగ్లిష్ పుస్తకం తెచ్చి, వెనక ఉన్న బార్‌కోడ్ స్కాన్ చేసి, వివరాలన్నీ వాటంతటవే వచ్చేశాయి చూడండి అంటారు. బాగానే ఉంటుంది. కానీ మన బీరువాల్లో ఉన్నవి ఐఎస్‌బీఎన్ (ఆ బార్‌కోడ్‌లో ఉండే పుస్తకం నంబరు) లేని పాత తెలుగు పుస్తకాలు, ఎవరో దానమిచ్చినవి, అట్ట ఊడిపోయినవి, ఒకే పుస్తకానికి నాలుగు కాపీలు. అలాంటివి ఓ ఇరవై తీసి టేబుల్ మీద పెట్టి, మీ ముందే ఎక్కించమనండి. రచయిత పేరు దగ్గర ఆగి చూడండి: మనకు ఇంటిపేరు ముందుంటుంది, చాలా సాఫ్ట్‌వేర్లు చివరి మాటను ఇంటిపేరు అనుకుని తలకిందులు చేస్తాయి. ఇంటిపేరుతోనూ, అసలు పేరుతోనూ వెతికి చూడండి. ‘చరిత్ర’ అని కొడితే ‘చరిత్రము’ కూడా రావాలి, ‘ఇల్లు’కు ‘యిల్లు’ రాకపోతే రెండో రూపం కూడా రాసుకోవడానికి చోటుందా అని అడగండి. పిల్లవాడు వెతికినప్పుడు దొరకని పుస్తకం బీరువాలో ఉన్నా లేనట్టే, అందుకే ఇక్కడ మొహమాటపడొద్దు.

జూన్‌లో ఎనిమిదో తరగతి మొత్తాన్ని ఒక్కసారిగా తొమ్మిదికి మార్చగలమా? పదో తరగతి వాళ్లకు టీసీ ఇచ్చేముందు ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉండిపోయిందో లిస్టు తీయగలమా? బడికి రోజూ పనికొచ్చేవి ఇవే. కరెంటు పోయినప్పుడు రాసుకోవడానికి రిజిస్టరు ఎలాగూ ఉంచండి, వారానికోసారి బ్యాకప్ తీసి వేరే చోట పెట్టండి.

డబ్బులు కట్టేముందు ఆఖరి పరీక్ష: డెమోలో ఎక్కించిన ఆ ఇరవై పుస్తకాలను మళ్లీ ఫైలుగా బయటికి తీసివ్వమనండి. ‘అది మా సర్వర్లో భద్రంగా ఉంటుంది సార్’ అని దాటవేస్తే అక్కడితో ఆపేయండి, ఎందుకంటే రేపు ఆ కంపెనీ మూసేస్తే మీరు పుస్తకాలన్నీ మొదటినుంచి ఎక్కించాలి. సీఎస్‌వీ ఫైలు (వివరాలను కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) ఇస్తే దాన్ని ఎక్సెల్‌లో నేరుగా తెరిచినప్పుడు తెలుగు చెడిపోయినట్టు కనిపించొచ్చు, కంగారు పడకండి, డేటా మెనూలోంచి యూటీఎఫ్-8 (యూనికోడ్‌లో ఒక రకం) ఎంచుకుని తెరిచి, ఒత్తులు, గుణింతాలు అన్నీ సరిగ్గా వచ్చాయో లేదో వరసగా చదివి చూసుకోండి.