కెంటకీ వలసదారుల వంశాన్ని పాత పత్రాల్లో వెతకడం ఎలా

అప్పలాచియన్ పర్వతాలు దాటి 1775 తర్వాత కెంటకీ, టెనెసీ అడవుల్లో కాపురం పెట్టిన కుటుంబాల వంశక్రమాన్ని తేల్చడం అమెరికా వంశచరిత్రకారులకు నేటికీ కష్టమైన పనే. ఆ కాలంలో జనన మరణాల నమోదు లేదు, చర్చిలు తక్కువ, కోర్టు భవనాలు ఎన్నో పత్రాలతో సహా కాలిపోయాయి, పైగా తాత పేరునే మనవడికి పెట్టే ఆనవాయితీ వల్ల ఒకే పేటలో ఒకే పేరుగల వారు ముగ్గురు నలుగురు కనిపిస్తారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో అల్లుడో కోడలో అక్కడివారే అయినప్పుడు, మనవల కోసం రెండు వైపుల వంశాలూ రాసిపెట్టాలని పూనుకున్నవారు అవతలి వైపు నాలుగైదు తరాలు సులువుగానే వెళ్లి, సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి ఆగిపోతారు.

ఆగిపోవడానికి కారణం చాలావరకు పేరును పట్టుకుని వెతకడమే. ఆ మనిషి ఏ నేల దున్నాడు, ఆ నేల ఎవరి నుంచి వచ్చింది, హద్దుల్లో ఎవరున్నారు అని వెతికితే దారి దొరుకుతుంది. మన పల్లెల్లో పాత అడంగళ్లు, పహాణీలు తిరగేసి అన్నదమ్ముల వాటాలు తేల్చినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఇది ఎలా పనిచేస్తుందో చూపడానికి అందరికీ తెలిసిన ఒక వలస కుటుంబాన్నే, అంటే అధ్యక్షుడు అబ్రహాం లింకన్ పూర్వీకులనే, ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకుంటున్నాను.

పని ఎప్పుడూ తెలిసిన తరం నుంచి వెనక్కి సాగాలి. తెలియని పూర్వీకుడి దగ్గర మొదలుపెట్టి కిందికి దిగేవారు అదే పేరుగల మరొకరి వంశంలోకి జారిపోతారు. జనాభా లెక్కల్లో 1850 నుంచి ఇంట్లోని స్వతంత్రులందరి పేర్లూ, వయసులూ, పుట్టిన రాష్ట్రాలూ ఉంటాయి. 1880 లెక్కల్లో కుటుంబ పెద్దతో ప్రతి ఒక్కరి బంధుత్వమూ, వారి తల్లిదండ్రులు పుట్టిన రాష్ట్రాలూ కూడా చేరాయి. కాబట్టి మీరు వెతుకుతున్న వ్యక్తి 1840లోనే చనిపోయినా, ఆయన సంతానంలో ఒక్కరు 1880 దాకా బతికి ఉంటే చాలు, ఆయన వర్జీనియాలో పుట్టాడో, ఉత్తర కరోలినాలో పుట్టాడో ఆ గడిలో కనిపిస్తుంది. అందుకే నేరుగా సంబంధించిన ఒక్క కొడుకును మాత్రమే చూసి ఊరుకోకుండా అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ అందరినీ చూడాలి. 1890 లెక్కల కోసం సమయం వృథా చేసుకోనక్కరలేదు. 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత వాటిలో మిగిలింది బహు స్వల్పం.

1850కి ముందు మాత్రం కుటుంబ పెద్ద పేరు ఒక్కటే ఉంటుంది, మిగిలినవారు వయసు గడుల్లో అంకెలు మాత్రమే. కెంటకీకి సంబంధించి 1790, 1800 లెక్కల పత్రాలు మిగలలేదు కనుక చేతికందే మొదటి లెక్క 1810దే. ఆ లోటును తీర్చేవి పన్ను జాబితాలు.

ఈ జాబితాలను చాలామంది తేలిగ్గా వదిలేస్తారు గానీ, నా దృష్టిలో ఆ కాలానికి వీటిని మించిన ఆధారం లేదు. కెంటకీ రాష్ట్రం 1792లో ఏర్పడినప్పటి నుంచి దాదాపు ఏటా రాసిన వీటిలో పన్ను కట్టే మనిషి పేరు, భూమి ఎన్ని ఎకరాలు, ఏ వాగు పక్కన ఉంది, ఎన్ని గుర్రాలు ఉన్నాయి అన్నవే కాక, ఆ భూమి మొదట ఎవరి పేరున నమోదై, ఎవరి పేరున సర్వే జరిగి, ఎవరి పేరున పట్టా అయిందో కూడా గడులు ఉంటాయి. ఒక్క సంవత్సరం చూస్తే ఏమీ తెలియదు. పదిహేనేళ్ల జాబితాలు వరుసగా పెట్టుకుని చదివితే కుటుంబం కదలిక కనిపిస్తుంది. 21 ఏళ్లు నిండిన కొడుకు కొత్తగా జాబితాకెక్కుతాడు. తండ్రి పేరు మాయమైన ఏడాది అదే భూమి భార్య పేరునో, వారసుల పేరునో కనిపిస్తే ఆయన మరణించిన కాలం తెలిసినట్టే. అంతకుముందు వర్జీనియా పాలనలో రాసిన జాబితాల్లో, అధికారి ఆ ఇంటికి వచ్చిన తేదీ వేసి ఉన్నచోట, ఒకే తేదీన నమోదైన పేర్లన్నీ ఏరి రాసుకుంటే ఇరుగుపొరుగు ఎవరో తేలిపోతుంది.

ఇక్కడ కౌంటీల, అంటే మన జిల్లాల వంటి విభాగాల, సంగతి తెలిసి ఉండాలి. 1776 చివర వర్జీనియాలోని ఫిన్‌కాజిల్ కౌంటీని విడగొట్టి కెంటకీ కౌంటీని ఏర్పరిచారు. 1780లో అది ఫేయెట్, జెఫర్సన్, లింకన్ అనే మూడు కౌంటీలయింది, 1792 నాటికి తొమ్మిదయ్యాయి, ఇప్పుడు 120 ఉన్నాయి. ఇల్లు కదలకపోయినా ఆ ఇంటి పత్రాలు నాలుగు వేర్వేరు కోర్టుల్లో ఉండవచ్చు. ఈనాటి పటంలో ఊరు ఏ కౌంటీలో ఉందో చూసి అక్కడే వెతికితే ఏమీ దొరకదు. ఆ ఏడాది ఆ స్థలం ఎవరి పరిధిలో ఉందో చూసుకుని వెళ్లాలి.

ఇక భూమి పత్రాలు. వర్జీనియా 1779లో చేసిన చట్టం ప్రకారం 1778కి ముందు కాపురం పెట్టినవారికి 400 ఎకరాలపై హక్కు వచ్చేది, దాని పక్కన మరో 1000 ఎకరాలు ముందుగా కొనుక్కునే వీలు ఉండేది. డబ్బు కట్టి వారంటు, అంటే ఇన్ని ఎకరాలు తీసుకోవచ్చన్న అనుమతి పత్రం, కొనుక్కునే పద్ధతి కూడా ఉండేది. వారంటు, నమోదు, సర్వే, పట్టా అని నాలుగు మెట్లు ఉంటాయి. ఈ నాలుగు పత్రాలూ చూడాలి, పట్టా ఒక్కటే చూసి తృప్తిపడకూడదు. వీటి చిత్రాలను కెంటకీ భూమి కార్యాలయం ఉచితంగానే ఆన్‌లైన్‌లో ఉంచింది. లింకన్ తాత, ఆయన పేరు కూడా అబ్రహామే, 1780లో 400 ఎకరాలకు వారంటు కొన్నప్పుడు గుమాస్తా ఆయన ఇంటిపేరును లింక్‌హార్న్ అని రాశాడు. సూచికలో లింకన్ అన్న అక్షరాల కింద మాత్రమే వెతికేవారికి ఆ పత్రం దొరకదు. 1785లో జెఫర్సన్ కౌంటీలోని లాంగ్ రన్ వాగు దగ్గర ఆ భూమిని సర్వే చేసినప్పుడు కొలత గొలుసు పట్టినవారు లింకన్ ఇంటిపేరుగలవారే. గొలుసు పట్టడానికి బంధువులనో పొరుగువారినో పిలుచుకునేవారు. సర్వే పత్రం అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఆ పేర్లు వీలునామాతో సమానమైన విలువ గలవని నేనంటాను.

సర్వేల్లో హద్దులు చెట్లతో, రాళ్లతో, వాగు మలుపులతో చెప్పేవారు. కొలత పోల్‌లో ఉంటుంది. ఒక పోల్ అంటే పదహారున్నర అడుగులు, మైలుకు 320 పోల్స్. దిక్కులూ కొలతలూ తీసుకుని గీతల కాగితంపై ఆ కమతం ఆకారం గీసి, పక్క కమతాలను కూడా అలాగే గీసి అతికిస్తే, ఎవరి పొలం ఎవరి పొలానికి ఆనుకుందో తెలుస్తుంది. అల్లుడి పొలం మామ పొలం పక్కనే ఉండడం తరచు జరిగేదే. ఈ కొలతల్లో తప్పులు ఎన్నో, ఒకరి భూమి మీద మరొకరి పట్టా పడడం సర్వసాధారణం. కెంటకీ వలసలకు బాట వేసిన డేనియల్ బూన్ అంతటివాడు కూడా కెంటకీలో తనదనుకున్న భూములను ఇలాగే పోగొట్టుకుని 1799లో మిస్సోరీ వెళ్లిపోయాడు. అయితే ఈ తగాదాలు మనకు మేలే చేశాయి. వ్యాజ్యంలో సాక్ష్యం చెప్పిన ముసలివారు తాము ఎక్కడి నుంచి, ఎవరితో కలిసి, ఏ ఏడాది వచ్చారో ప్రమాణపూర్వకంగా చెప్పారు. ఆ వాంగ్మూలాలు కోర్టు కట్టల్లో ఉన్నాయి.

తాత అబ్రహాం 1786లో తన పొలంలోనే ఆదివాసుల దాడిలో చనిపోయాడు. వీలునామా లేదు. పెద్ద కొడుక్కే భూమి దక్కే పాత పద్ధతిని రద్దు చేస్తూ వర్జీనియా 1785లోనే చట్టం చేసినా అది అమల్లోకి వచ్చింది 1787 జనవరి 1న. ఆ కొద్ది నెలల తేడాతో పెద్దవాడు మొర్దెకాయికి ఆస్తి వచ్చింది, చిన్నవాడైన థామస్, అంటే అధ్యక్షుడి తండ్రి, ఏమీ లేనివాడయ్యాడు. ఏ ఏడాది ఏ వారసత్వ చట్టం అమల్లో ఉందో తెలియకపోతే, భూమి ఒక్కడి పేరునే ఉంది కాబట్టి తక్కినవారు ఆయన కొడుకులు కాదని పొరపాటుగా తీర్మానించే ప్రమాదం ఉంది.

పెళ్లి పత్రాల విషయంలో రెండు సంగతులు చాలు. మొదటిది, పెళ్లి సాధారణంగా వధువు కౌంటీలో జరుగుతుంది. థామస్ లింకన్, నాన్సీ హాంక్స్‌ల పెళ్లి నమోదు చాలాకాలం దొరకనందువల్ల వారికి పెళ్లే కాలేదన్న పుకారు పుట్టింది. చివరికి ఆ పత్రాలు వాషింగ్టన్ కౌంటీ కేంద్రమైన స్ప్రింగ్‌ఫీల్డ్ కోర్టులో బయటపడ్డాయి. రెండవది, పెళ్లికి అడ్డేమీ లేదని వరుడు 50 పౌండ్లకు రాసే పూచీకత్తు పత్రం మీద జామీనుగా సంతకం చేసే మనిషి ఎక్కువసార్లు వధువు తండ్రో, అన్నో, సంరక్షకుడో అయి ఉంటాడు. 1806 జూన్ 10 నాటి థామస్ పత్రం మీద రిచర్డ్ బెర్రీ సంరక్షకుడిగా సంతకం చేశాడు. పెళ్లి జరిగింది జూన్ 12న. పూచీకత్తు తేదీని పెళ్లి తేదీగా రాసుకోకూడదు.

వీలునామాల్లో అందరు పిల్లల పేర్లూ ఉంటాయని అనుకోవద్దు, వాటా ముందే అందుకున్నవారిని రాయకపోవచ్చు. పత్రాల్లో జూనియర్, సీనియర్ అని ఉంటే తండ్రీకొడుకులని నిర్ణయించరాదు. ఆ రోజుల్లో ఒకే ఊళ్లో ఒకే పేరుగల పెద్దవాణ్ణీ చిన్నవాణ్ణీ వేరు చేయడానికి కూడా అలా రాసేవారు.

పూర్వీకుడు స్వాతంత్ర్య యుద్ధంలో పాల్గొని 1832 దాకా జీవించి ఉంటే మీ అదృష్టం బాగున్నట్టే. ఆ ఏడాది చట్టం కింద పింఛను కోరినవారిని ఎక్కడ, ఏ సంవత్సరం పుట్టావు, వయసుకు రుజువు ఏముంది, సైన్యంలో చేరినప్పుడు ఎక్కడ ఉన్నావు, ఆ తర్వాత ఎక్కడెక్కడ నివసించావు అని కోర్టులో వరుసగా అడిగి జవాబులు రాయించారు. వితంతువులు పింఛను కోసం పెళ్లికి రుజువు చూపవలసి రావడంతో, పిల్లల పుట్టిన తేదీలు రాసుకున్న కుటుంబ బైబిలు పుటలను చింపి పంపినవారు ఉన్నారు. ఆ పుటలు ఇప్పటికీ జాతీయ ఆర్కైవ్స్‌లోని దస్త్రాల్లో ఉన్నాయి. వీటితోపాటు చరిత్ర సేకర్త లైమన్ డ్రేపర్ 19వ శతాబ్దంలో పాత వలసదారులనూ వారి పిల్లలనూ కలిసి సేకరించిన రాతప్రతులు విస్కాన్సిన్ చారిత్రక సంఘంలో ఉన్నాయి. 1851లో బూన్ కొడుకు నేథన్‌ను కలిసి రాసుకున్న సంభాషణ వాటిలోదే. అయితే ముసలితనంలో చెప్పిన జ్ఞాపకాలను పన్ను జాబితాతో సరిచూసుకోకుండా తేదీలకు నమ్మకూడదు.

ఇవన్నీ శ్వేతజాతి వలసదారుల పత్రాలు. వారు బానిసలుగా తెచ్చుకున్నవారి సంతతి వెతకాలంటే, 1870 లెక్కల్లో పేరు దొరికిన తర్వాత వెనక్కి వెళ్లడానికి యజమానుల వీలునామాలు, ఆస్తి జాబితాలే దిక్కు.

కెంటకీ దాటి ఓహాయో, ఇండియానాల్లోకి వెళ్లినవారి పత్రాలు ఇంత చిక్కుగా ఉండవు. 1785 చట్టం ప్రకారం అక్కడి భూమిని చాలావరకు ప్రభుత్వమే ముందుగా చదరాలుగా కొలిపించి అమ్మింది. థామస్ లింకన్ హార్డిన్ కౌంటీలో 238 ఎకరాలని కొన్న పొలాన్ని సర్వే తప్పు వల్ల 200 ఎకరాలుగా అమ్ముకోవలసి వచ్చి, మరో పొలం మీద వ్యాజ్యం పడి, 1816 చివర ఇండియానాకు తరలిపోవడానికి ఇదొక కారణం.

పర్వతాలకు ఆవలి వైపు, అంటే తూర్పు తీరంలోని మూలాన్ని, కలపడం చివరి మెట్టు. 1859లో అబ్రహాం లింకన్ తన గురించి రాసిన చిన్న వ్యాసంలో, తన పూర్వీకులు పెన్సిల్వేనియాలోని బర్క్స్ కౌంటీ నుంచి వర్జీనియా వచ్చారని, న్యూ ఇంగ్లండ్‌లోని అదే ఇంటిపేరు కుటుంబంతో కలపడానికి జరిగిన ప్రయత్నంలో ఈనోక్, లీవై, మొర్దెకాయి వంటి పేర్ల పోలిక తప్ప ఏమీ తేలలేదని చెప్పుకున్నాడు. పేర్ల పోలికను రుజువుగా తీసుకోకపోవడం ఆయన న్యాయవాద బుద్ధికి తగినదే. తర్వాతి పరిశోధకులు దస్తావేజుల వెంట వెళ్లారు. పెన్సిల్వేనియాలో 1736లో మరణించిన మొర్దెకాయి లింకన్ తన వీలునామాలో జాన్ అనే కొడుక్కి న్యూజెర్సీలోని భూమిని రాశాడు. జాన్ ఆ భూమిని తర్వాత అమ్మేశాడు. అమ్మిన జాన్, 1768లో వర్జీనియాకు వెళ్లిన, తాత అబ్రహాం తండ్రి అయిన జాన్ ఒక్కరేనని తేలడంతో కెంటకీ అబ్రహాం నుంచి 1637లో ఇంగ్లండ్ నుంచి మసాచుసెట్స్ చేరిన శామ్యూల్ లింకన్ దాకా గొలుసు పూర్తయింది.

మీ పనిలోనూ ఇదే క్రమం పాటించండి. వలస వచ్చిన కౌంటీలో పూర్వీకుడి చుట్టూ ఉన్న పదిమంది పొరుగువారి పేర్లు రాసుకుని, వారంతా అంతకుముందు కలిసి ఉన్న తూర్పు కౌంటీ ఏదో చూడండి. 1781లో లూయిస్ క్రెయిగ్ నాయకత్వంలో వర్జీనియాలోని స్పాట్సిల్వేనియా నుంచి ఒక బాప్టిస్టు సంఘం దాదాపు మొత్తంగా కెంటకీకి తరలివెళ్లింది, అలాంటి గుంపు వలసలు ఎన్నో. ఆ తూర్పు కౌంటీలో మీ మనిషి భూమి అమ్మిన దస్తావేజు వెతకండి. కొత్త చోటికి వెళ్లిన తర్వాత రాసినదైతే అందులో "ఫలానా కౌంటీ నివాసి" అని ఉంటుంది, భార్య తన మూడో వంతు హక్కు వదులుకున్నట్టు ఆమె పేరూ ఉంటుంది. రెండు ఊళ్లనూ కలిపే ఆ ఒక్క కాగితం దొరికే వరకు ఆన్‌లైన్ వంశవృక్షాల్లో ఎవరెన్ని పేర్లు జోడించినా, మీ పుస్తకంలో ఆ తరం దగ్గర పెన్సిలుతోనే రాసి ఉంచండి.