అరటిపండు డీఎన్‌ఏ దారాలు రావడం లేదా?

బరంపురం, ఛత్రపురం వైపు మన తెలుగిళ్లలో పిల్లలకి సైన్స్ ఎగ్జిబిషన్ అంటే చాలాసార్లు అరటిపండు డీఎన్‌ఏయే. పండు మెదిపి, ఉప్పూ గిన్నెల సబ్బూ కలిపిన నీళ్లలో వేసి, వడకట్టి, పైన చల్లటి స్పిరిట్ పోస్తే తెల్లటి దారాలు తేలాలి. తేలకపోతే పండుని తిట్టకండి. కణం డీఎన్‌ఏని ఎన్ని పొరల వెనక సర్దుకుందో, వాటిలో ఏది విప్పలేదో చూడండి.

సమస్య: దారాలే రాలేదు

కణం చుట్టూ, లోపలి కేంద్రకం చుట్టూ ఉండేవి కొవ్వు పొరలు. వాటిని విడగొట్టేది సబ్బే. సబ్బు కలిపాక పది నిమిషాలు ఆగండి. స్పిరిట్ గోరువెచ్చగా ఉన్నా పని సరిగా జరగదు. మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగండి, సీసాని ఐసు గిన్నెలో ఉంచండి, పొయ్యి దగ్గరికి మాత్రం తేవద్దు. శానిటైజర్ జెల్ పనికిరాదు.

సమస్య: జిగురు ముద్ద వచ్చింది

డీఎన్‌ఏకి ఋణావేశం, హిస్టోన్ అనే ప్రోటీన్లకి ధనావేశం. అందుకే అది వాటిని అంటిపెట్టుకుని చుట్టుకుంటుంది: ఎనిమిది హిస్టోన్ల గుత్తి చుట్టూ డీఎన్‌ఏలోని 147 అక్షర జతలు (బేస్ జతలు), రెండు చుట్లకి కాస్త తక్కువ. ఈ ప్రోటీన్లు పోకపోతే ముద్ద కడుతుంది. నాలుగు చుక్కల పచ్చి అనాస రసం వేయండి, అందులోని ఎంజైము ప్రోటీన్లని కోస్తుంది. మరిగించిన రసం దండగ. నిజం చెప్పాలంటే, ఆ తెలుపులో పండులోని పెక్టిన్ అనే జిగురు పదార్థం కూడా ఉంటుంది. ఇంట్లో దాన్ని పూర్తిగా వదిలించలేం.

సమస్య: దారాలు తుంపులయ్యాయి

గట్టిగా కలిపారు. స్పిరిట్‌ని గ్లాసు గోడ వెంబడి జార్చి, పుల్లతో నెమ్మదిగా చుట్టి తీయండి.

సమస్య: “కణంలో కూడా ఇలాగే చిక్కుపడి ఉంటుందా?” అని జడ్జి అడిగారు

మార్కులన్నీ ఇక్కడే. పిల్లలకి టెన్షన్ కూడా ఇక్కడే. లేదు, ఈ చిక్కు మనం చేసింది. మనిషి కణంలో సుమారు రెండు మీటర్ల డీఎన్‌ఏ, మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేని కేంద్రకంలో ఇముడుతుంది. చుట్టి పెట్టినంత మాత్రాన సరిపోదు. డీఎన్‌ఏ అంటే ఒకదానితో ఒకటి మెలేసుకున్న రెండు పోగులు. కాపీ తీసేటప్పుడు ఆ రెండూ విడిపోతుంటే, ముందున్న భాగం ఇంకా బిగుసుకుంటుంది. కాపీ అయ్యాక రెండు డీఎన్‌ఏలూ పెనవేసుకుని ఉంటాయి. గోపాల్‌పూర్ ఒడ్డున వల మరీ చిక్కుపడితే కోసి మళ్లీ ముడేస్తారు కదా, టోపోఐసోమరేజ్-2 అనే ఎంజైముదీ అదే పని. ఒక డీఎన్‌ఏని రెండు పోగులూ తెంపి, ఆ సందులోంచి ఇంకోదాన్ని దాటించి, మళ్లీ అతికిస్తుంది. ముడి కూడా మిగలదు. టోపోఐసోమరేజ్‌లన్నిటిలో మొదటిదాన్ని జేమ్స్ వాంగ్ 1971లో బాక్టీరియాలో కనిపెట్టారు.

జడ్జి ఇంకా తరిచి అడిగితే సిప్రోఫ్లాక్సాసిన్ పేరు చెప్పమనండి. మన ఇళ్లలో అందరికీ తెలిసిన మాత్రే. అది బాక్టీరియాలోని ఇలాంటి ఎంజైముని తెంపిన చోటే పట్టి ఆపేస్తుంది. తెగినది అతకక బాక్టీరియా చస్తుంది.