కట్టె బుసకొడితే, మిషన్ మూలిగితే, లెక్క తప్పితే: చిన్న కట్టెల వ్యాపారంలో సమస్య – పరిష్కారం

కట్టెలు చీల్చి ఇళ్ళకు చేర్చే పనిలో ఫిర్యాదు ఒకచోట వినిపిస్తుంది, తప్పు ఇంకోచోట దొరుకుతుంది. పొయ్యి నిండా పొగేనని ఫోన్ వస్తుంది. దాని మూలం చూస్తే ఎన్నో నెలల కిందట మనం పేర్చిన వరసలో ఉంటుంది. అందుకే ప్రతి సమస్యనీ పైకి కనబడే గుర్తు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తాను. అలా వెళ్ళిన ప్రతిసారీ కాకపోయినా, చాలాసార్లు చివరికి ఎదురయ్యేది ఒకటే: కట్టెలో దాగిన నీరు.

"మంట రావట్లేదండీ, పొగే వస్తోంది"

గుర్తు: కట్టె అంటుకోవడానికి మొరాయిస్తుంది. అంటుకున్నాక బుసబుసమంటుంది. కోసిన కొసన నురగ పొంగి బుడగలు కడుతుంది. పొయ్యికి అద్దం ఉంటే ఒక్క పూటలో నల్లబడుతుంది, పొగగొట్టంలో తారులాంటి మసి పేరుకుంటుంది.

కారణం: ఆ నురగే చెబుతుంది. కట్టె ఇంకా పచ్చిది. బొత్తిగా తడి లేని కట్టె కిలోకి 18-19 మెగాజౌళ్ళ వేడి ఇస్తుంది. కట్టెలో ఉన్న ఒక్కో కిలో నీటిని ఆవిరి చేయడానికి అందులోంచి సుమారు 2.6 మెగాజౌళ్ళు పోతాయి. ఈ నష్టం ఒక ఎత్తు, మంట చల్లబడటం ఇంకో ఎత్తు. చల్లటి మంటలో కట్టెలోంచి వచ్చే వాయువులు పూర్తిగా కాలవు. పొగగొట్టం గోడకు తారుగా అంటుకుంటాయి. ఆ తారు ఎప్పుడో ఒకరోజు గొట్టంలోనే అంటుకుని ఇంటి మీదికి రావచ్చు. పచ్చికట్టె అమ్మడం నాసిరకం సరుకు అమ్మడంతో ఆగదు, అవతలివాళ్ళ ఇంటికి ప్రమాదం అమ్మడం. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

పరిష్కారం: పొయ్యిలో కాల్చే కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. రెండు సూదుల తేమ మీటరు కొనండి. కానీ దాన్ని వాడే పద్ధతి ముఖ్యం. మొదట్లో నేను వరస మీదున్న కట్టె పైతోలుకి సూదులు గుచ్చి, 15 చూసి, సరుకు బండికెక్కించేవాణ్ణి. ఒకసారి ఫిర్యాదు వచ్చిన ఇంటికెళ్ళి, నేనిచ్చిన కట్టెనే అక్కడ రెండుగా చీల్చి, లోపలి ముఖం చెంపకి ఆనించుకున్నాను. చన్నీళ్ళలో ముంచిన గుడ్డలా తగిలింది. మీటరు పెడితే 28. బయటి పొర ఎండింది, లోపల చెమ్మ అలాగే ఉంది. ఆ లోడు మొత్తం వెనక్కి తెచ్చుకున్నాను.

అప్పటినుంచి వరస పైనుంచి ఒకటి, నడుమనుంచి రెండు, అడుగునుంచి ఒకటి తీసి, అప్పటికప్పుడు చీల్చి, కొత్తగా తెరుచుకున్న ముఖం నడిమధ్య, కట్టె నారపోగు వెంబడి సూదులు గుచ్చి చూస్తాను. మీటరు 30 దాటితే ఆ అంకెను నమ్మకండి. అక్కడినుంచి పైన మీటరు చెప్పేది ఉజ్జాయింపే, "పచ్చిది" అని మాత్రం అర్థం చేసుకోండి. మీటరు లేనివాళ్ళకు ఇంకో దారి: ఒకే వరసలోంచి మూడు నాలుగు కట్టెలకు సుద్దతో గుర్తు పెట్టి నెలకోసారి తూకం వేయండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే అక్కడి గాలిలో ఎంత ఆరగలదో అంత ఆరినట్టు. రెండు కట్టెల్ని ఒకదానికొకటి కొట్టినప్పుడు ఎండువి టంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. కొసల్లో పగుళ్ళు చూసి మాత్రం మోసపోవద్దు, అవి ఆరడం మొదలైన కొత్తలోనే వచ్చేస్తాయి.

ఒక మినహాయింపు ఉంది. బాగా ఎండిన కట్టె వాన చినుకులకు పైన తడిస్తే అది పచ్చికట్టె కాదు. గాలి తగిలే చోట కొద్ది రోజులుంచితే మళ్ళీ దారికొస్తుంది. అలాగే మన కట్టె మంచిదైనా, కొన్నవాళ్ళు దాన్ని టార్పాలిన్‌లో మూటగట్టి నేల మీద పడేసినా, పొయ్యి గాలి ద్వారం మూసేసి కాల్చినా ఇదే ఫిర్యాదు వస్తుంది. వాదనకు దిగకుండా వెళ్ళి ఒక కట్టె చీల్చి చూపిస్తే, తప్పెక్కడుందో ఇద్దరికీ తెలిసిపోతుంది.

"ఎన్ని నెలలైనా ఆరట్లేదు, పైగా బూజు పట్టింది"

ముందు చూడాల్సింది: దుంగల్ని చీల్చకుండా ఉంచారా? బెరడు నీటిని బయటికి పోనివ్వదు. కోసిన కొసల నుంచే తేమ ఎక్కువగా పోతుంది. పొడవాటి దుంగను అలాగే వదిలేస్తే ఏళ్ళు గడిచినా లోపల పచ్చిగానే ఉంటుంది. కొన్న వెంటనే కోసి, చీల్చి, తర్వాత ఆరబెట్టండి. పచ్చిగా ఉన్నప్పుడే చీల్చడం చాలా మానులకు తేలిక కూడా.

చీల్చినా ఆరట్లేదంటే తప్పు పేర్పుది. కుప్పగా పోసిన కట్టెల్లో నడుమకి గాలి పోదు, తేమ అక్కడే ఉండి బూజవుతుంది. నేలకి ఆనిన అడుగు వరస చెమ్మ పీలుస్తుంది, చెద పడుతుంది. కింద దూలాలో చెక్క పలకలో వేసి నేలనుంచి ఒక జానెడు లేపండి. ఒక్క కట్టె మందాన వరస కట్టండి, వరసకీ వరసకీ మధ్య మనిషి పట్టేంత సందు వదలండి. వీచే గాలి కట్టెల కొసలకు తగిలేలా వరస దిశ పెట్టండి. పైన మాత్రం కప్పండి, పక్కలు కప్పొద్దు. చుట్టూ టార్పాలిన్ బిగించిన వరస ఉడకబెట్టిన గిన్నెలా లోపల చెమర్చడం నేను కళ్ళారా చూశాను. ఎండ తగిలినవైపు కట్టె ముందు ఆరి కుదించుకుంటుంది కాబట్టి వరస అటు వాలుతుంది. కొసల్లో కట్టెల్ని అడ్డం నిలువుగా అల్లి, నడుము ఎత్తు దాటకుండా పేరిస్తే కూలదు.

మెత్తటి మాను కొన్ని నెలల్లో ఆరుతుంది. చేవదేరిన గట్టి మానుకి ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు. రెండింటినీ ఒకే వరసలో కలపొద్దు. ప్రతి వరసకీ పేర్చిన తేదీ రాసి, ముందు పేర్చింది ముందు అమ్మండి. పుచ్చు పట్టిన కట్టె కనబడితే విడిగా తీసిపెట్టండి, దాని మీద పురుగుమందు మాత్రం చల్లొద్దు. ఆ కట్టెని రేపు ఎవరో ఇంట్లో కాలుస్తారు.

"టన్ను కొన్నాను, టన్ను అమ్మడానికి లేదు"

కొత్తగా దిగినవాళ్ళని నిశ్శబ్దంగా ముంచేది ఇదే. అమ్మకాలు బాగానే ఉంటాయి, బండి ఖాళీగా ఉండదు, ఏడాది చివర చూస్తే చేతిలో ఏమీ మిగలదు. దొంగతనమేమో, తూకంలో మోసమేమో అనిపిస్తుంది.

లెక్క వేద్దాం. తేమ మీటరు లెక్కలో తేమ శాతం అంటే, బొత్తిగా తడి లేని కట్టె బరువు మీద నీటి బరువు ఎంత అని. 60 శాతం తేమ ఉన్న వెయ్యి కిలోల పచ్చికట్టెలో అసలు కట్టె 625 కిలోలు, నీరు 375 కిలోలు. అది 20 శాతానికి ఆరితే 625 కిలోల కట్టెకి 125 కిలోల నీరు, మొత్తం 750. అంటే టన్నులో పావు వంతు గాలిలో కలిసింది. దీని మీద రంపపు పొట్టు ఉంది. చెయిన్ రంపం ఒక్కో కోతకి దాదాపు 8 మిల్లీమీటర్లు తింటుంది, 40 సెంటీమీటర్ల కట్టెలు కోస్తే దుంగలో 2 శాతం పొట్టుగానే పోతుంది. రాలిన బెరడు, పుచ్చు ముక్కలు వేరే.

కాబట్టి పచ్చి దుంగలకిచ్చిన డబ్బుని వెయ్యి కిలోలతో భాగించి గిట్టుబాటు చూసుకోకండి. అమ్మడానికి మిగిలే ఏడువందల చిల్లర కిలోలతో భాగించండి. వీలైతే పచ్చి సరుకుని ఘనపరిమాణం మీద కొనండి, నీటికి డబ్బు కట్టే బాధ తగ్గుతుంది. ఇంకో సంగతి: ఈ ఏడాది కొన్న దుంగ డబ్బుగా మారేది వచ్చే ఏడాది. ఆ మధ్యకాలం ఎలా గడుస్తుందో ముందే చూసుకోకపోతే, చేతిలో డబ్బాడక సగం ఆరిన సరుకుని అమ్మాల్సి వస్తుంది. మొదటి ఫిర్యాదు అక్కడే పుడుతుంది.

"మీరు చెప్పినంత రాలేదు"

మోసం లేకుండానే ఈ మాట పడాల్సి వస్తుంది. బండిలో చిందరవందరగా పోసిన ఒక ఘనపు మీటరు కట్టెల్ని శుభ్రంగా పేరిస్తే సుమారు 0.6 నుంచి 0.7 ఘనపు మీటరే అవుతుంది. మీరు పోసిన లెక్క చెప్పారు, వాళ్ళు పేర్చి కొలిచారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. బరువు మీద అమ్మినా తగవే: ఎండిన కట్టె తేలిక కాబట్టి, మంచి సరుకు ఇచ్చినవాడే తక్కువ తూచినట్టు కనబడతాడు.

ఆర్డరు తీసుకునేటప్పుడే "పోసిన లెక్కా, పేర్చిన లెక్కా" తేల్చండి. బిల్లు మీద ఆ మాట, కట్టె పొడవు, తేమ శాతం రాయండి. బండి తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు ఒకసారి కొలిచి లోపలి గోడకి గీతలు గీసి ఉంచితే, దించేముందు కొన్నవాళ్ళే చూసుకుంటారు. నేను గీతలు గీసినప్పటినుంచి ఈ తగవు నా దగ్గర దాదాపు లేదు.

మిషన్ దుంగను నొక్కి ఆగిపోతోంది

ఆయిల్ ఒత్తిడితో దుంగని చీల్చే హైడ్రాలిక్ మిషన్ విషయంలో ముందు ఒక అపోహ. ఖాళీగా వేగంగా వెళ్ళే రాడ్డు దుంగకి తగలగానే నెమ్మదిస్తే అది జబ్బు కాదు. రెండు దశల పంపు ఒత్తిడి పెరగగానే ఆయిల్ తక్కువ, బలం ఎక్కువ ఇచ్చే దశకి మారుతుంది. నెమ్మదించడం కాకుండా పూర్తిగా ఆగిపోతేనే వెతకండి.

ఇంజను కూడా ఆగిపోతోందా? ముందు యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చి ఉందో లేదో, గాలి ఫిల్టరు శుభ్రంగా ఉందో లేదో చూడండి. ఇంజను హాయిగా తిరుగుతూ రాడ్డు అసలు కదలకపోతే, ఇంజనునీ పంపునీ కలిపే కప్లింగ్‌లో రబ్బరు ముక్క అరిగి ముక్కలై ఉంటుంది. రాడ్డు కుదుపుగా కదులుతూ, ట్యాంకులో ఆయిల్ నురగగా తెల్లబడితే, ఆయిల్ తక్కువైనా అయివుండాలి, ట్యాంకునుంచి పంపుకొచ్చే పైపు బిగింపు వదులై గాలి పీలుస్తూనైనా ఉండాలి. ఆ పైపు ఆయిల్ కార్చకుండానే గాలి లాగుతుంది, అందుకే కంటికి చిక్కదు. మిషన్ ఆపి ఆయిల్‌ని తేరనివ్వండి: తెలుపు విరిగితే గాలి, విరక్కపోతే నీరు కలిసింది, ఆయిల్ మార్చాలి. పొద్దున బాగా చీల్చి, వేడెక్కాక నీరసిస్తే పంపో సిలిండర్ సీళ్ళో అరిగాయి.

బలం చాలట్లేదని, ఒత్తిడి హద్దు మీరితే ఆయిల్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వ్‌ని బిగించకండి. అది మిషన్‌ని, దాని పక్కన నిలబడిన మిమ్మల్ని కాపాడేది. 100 మిల్లీమీటర్ల సిలిండర్ 170 బార్ ఒత్తిడి దగ్గర దాదాపు 13.5 టన్నుల బలం ఇస్తుంది, దాని హద్దు అది. కణుపులున్న దుంగని నడిమధ్యన కాకుండా అంచునుంచి పలకలుగా చీల్చండి.

కారే చోటు కోసం చేత్తో పైపు తడమొద్దు. సూదిమొన రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. దోమ కుట్టినంత గుర్తు, మొదట్లో నొప్పి కూడా ఉండకపోవచ్చు, కానీ వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలు, చెయ్యి పోయే గాయం అది. అట్టముక్క పట్టి వెతకండి. తగిలిందని అనుమానం వస్తే పని వదిలేసి ఆసుపత్రికి పరుగెత్తండి.

రంపం పక్కకు పోతోంది, గొడ్డలి ఇరుక్కుంటోంది

రంపం నుంచి రవ్వలు రాలాలి. పిండి రాలుతోందంటే పళ్ళు మొద్దుబారాయి. కోత ఒకవైపుకి వంకరపోతోందంటే ఆవైపు పళ్ళకీ ఈవైపు పళ్ళకీ పొడవు తేడా వచ్చింది, అన్నిటినీ అన్నిటికంటే పొట్టి పన్ను పొడవుకి అరగదీయండి. చెయిన్ పొగలు కక్కితే, అది తిరిగే ఇనప పట్టీకి (బార్‌కి) ఆయిల్ అందట్లేదు. లేత రంగు అట్టకి ఎదురుగా చెయిన్ తిప్పి చూడండి, సన్నటి ఆయిల్ గీత పడాలి.

గొడ్డలి ఇరుక్కుపోతోందంటే అది నరికే పలుచటి గొడ్డలి. చీల్చడానికి మూడు కిలోల పైచిలుకు బరువుతో, చెంపలు లావుగా ఉన్నది కావాలి. దుంగ పెట్టే మొద్దు మోకాలి ఎత్తు మించొద్దు. కళ్ళద్దాలు తప్పనిసరి.

బండి ముక్కు లేస్తోంది

లోడు వేశాక స్టీరింగ్ తేలిగ్గా తోస్తే, బ్రేకు ఆలస్యంగా పడితే, టైర్లు చెయ్యి పెట్టలేనంత కాలితే, బరువు మించింది. తొట్టి నిండిందా లేదా అని చూసి బరువు అంచనా వేయడం వల్ల వచ్చే తప్పు ఇది. పేర్చిన ఒక ఘనపు మీటరులో ఎండు మెత్తకట్టె ఉంటే తేలిగ్గా లాగే బండి, అదే చోట పచ్చి చేవకట్టె వేస్తే నడుం వంచేస్తుంది. ఆ పచ్చి లోడు 650-700 కిలోలు తూగొచ్చు. రకానికొకసారి వేబ్రిడ్జి మీద తూకం వేయించి, ఏ కట్టె అయితే ఏ గీతదాకా నింపవచ్చో తొట్టి గోడ మీదే రాసుకోండి. ఎక్కించేటప్పుడు బరువుని వెనక ఇరుసుకి ముందువైపు జరపండి, పైన వల బిగించండి.

ఇక ఖర్చు. దూరపు ఆర్డరుకి వెళ్ళే దూరమే లెక్కపెడితే ఖాళీగా తిరిగొచ్చే డీజిలు, దించడానికి పట్టే గంట మన నెత్తిన పడతాయి. ఫోన్‌లోనే మూడు ప్రశ్నలు అడగండి: బండి గుమ్మందాకా వస్తుందా, పోస్తే చాలా లేక పేర్చాలా, దించేచోట నేల మెత్తగా ఉంటుందా. మూడోదానికి "వానకి నానిందండీ" అని జవాబొస్తే బయల్దేరేముందు రెండు గట్టి పలకలు బండిలో వేసుకోండి.