స్ఫటికాలను అడిగి మాగ్మా లోతు తెలుసుకోవడం ఎలా?

అగ్నిపర్వతం బొమ్మ గీయమంటే బడిపిల్లలూ, టీవీవాళ్లూ ఒకేలా గీస్తారు: కొండ కింద ఎర్రటి బెలూన్, అందులోంచి పైకి ఒక గొట్టం. కింద ఉండేది అలాంటి బావి కాదు, చెలమ. ఎండాకాలం గోదావరి ఇసుకలో నీళ్లు రేణువుల సందుల్లో దాక్కున్నట్టే, మాగ్మా (కరిగిన రాయి) కూడా చాలావరకు స్ఫటికాల గుట్టల సందుల్లో ఉంటుంది. కొండ పేలినప్పుడు ద్రవం పైకొస్తూ ఆ ఇసుకను కొంత తనతో ఈడ్చుకొస్తుంది. ఆ స్ఫటికాల్ని చదివి, అవి ఎంత లోతులో పెరిగాయో చెప్పాలి. జనం బోల్తాపడేది ఒక్కచోటే. మిగతాదంతా గబగబా దాటేద్దాం.

రాయి

గాలిలోకి ఎగిరి టక్కున చల్లారిన స్కోరియా (బొరియల లావా రాయి) తీసుకోండి. లావా ప్రవాహం నడిమధ్య రాయి వద్దు. అది తీరిగ్గా చల్లారుతుంది, ఆలోగా స్ఫటికం అంచులు మారిపోతాయి. పంగిడి, వికారాబాద్‌ల పాతకాలపు లావా నల్లరాళ్లతో చేయొచ్చా అని అడుగుతుంటారు. కంటికి సాధన కావాలంటే చేసుకోండి. సుమారు 6.5 కోట్ల ఏళ్ల రాయిలో ఆలివిన్ (ఇనుము, మెగ్నీషియం ఉన్న ఆకుపచ్చ ఖనిజం) చాలాసార్లు తుప్పురంగుకు తిరిగిపోయి ఉంటుంది, లోతు లెక్కకు నేనైతే ముట్టను.

దంచండి, జల్లించండి. గాజు (స్ఫటికం కట్టే వ్యవధి లేక టక్కున గడ్డకట్టిన ద్రవం) అంటుకుని ఉన్న స్ఫటికాలనే సూక్ష్మదర్శిని కింద ఏరి ఎపాక్సీ జిగురులో పోయండి. 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) డైమండ్ పేస్ట్ దాకా నునుపు చేయండి. ముప్పై స్ఫటికాలకు తక్కువైతే మొదలే పెట్టొద్దు.

ప్రోబ్

ముందు ఎలక్ట్రాన్ ఫొటో తీయండి. ఇనుము ఎక్కువున్న పొర తెల్లగా, మెగ్నీషియం ఎక్కువున్నది నల్లగా పడుతుంది. చెట్టు మొద్దులో వలయాల్లా వరసలు కనిపిస్తాయి. తర్వాత మైక్రోప్రోబ్‌తో నడిమి నుంచి అంచు దాకా వరసగా చుక్కలు పెట్టి కొలవండి. ఎలక్ట్రాన్ కిరణం తగిలిన చోట ఏ మూలకం ఎంతుందో ఆ యంత్రం చెబుతుంది. 1951లో పారిస్‌లో భౌతిక శాస్త్రవేత్త కాస్టాన్ తన సిద్ధాంత గ్రంథంలో చూపించిన పద్ధతే ఇది, 15 కిలోవోల్ట్‌లు చాలు. గాజును కొలిచేటప్పుడు మాత్రం కిరణాన్ని 10 మైక్రాన్ల దాకా వెడల్పు చేయండి. లేకపోతే ఆ వేడికి సోడియం పక్కకు జారుకుంటుంది.

జోడీ కుదిరిందా?

ఇక్కడ ఆగండి. టీ తాగి రండి.

లోతు చెప్పే సూత్రాలన్నీ ఒక మాట నమ్మి నడుస్తాయి: ఈ స్ఫటికం ఈ ద్రవంలోనే పెరిగింది అని. చెలమలోంచి కొట్టుకొచ్చిన స్ఫటికానికి, దాన్ని మోసుకొచ్చిన ద్రవానికి చుట్టరికం లేకపోవచ్చు. ఒకే రాతిలో ఉన్నాయి కదా అని రెంటినీ కలిపేయడం, ఒకే బస్సు దిగారని ఇద్దరికి పెళ్లి చేయడమే. సూత్రం అభ్యంతరం చెప్పదు. ఏ అంకెలు పోసినా ఒక లోతు ఇచ్చేస్తుంది, అదీ రెండు దశాంశాలతో. మొదట్లో నేనూ స్ఫటికాల నడిమి కొలతలన్నిటికీ సగటు తీసి, మొత్తం రాయి రసాయనంతో జతకట్టి, చక్కటి లోతొకటి తేల్చి మురిసిపోయాను. ఆ రెండూ ఎన్నడూ కలిసి బతకలేదని ఏడాది తర్వాత తెలిసింది.

పరీక్ష సులువే. ఆలివిన్‌లో ఇనుముకీ మెగ్నీషియంకీ ఉన్న నిష్పత్తిని, ద్రవంలో అదే నిష్పత్తితో భాగించండి. సుమారు 0.30 రావాలి. 1970లో రోడర్, ఎమ్స్లీ ప్రయోగాలతో తేల్చిన సంఖ్య ఇది. బరువులతో కాదు, పరమాణువుల లెక్కతో చేయాలి. ఇనుములోనూ ఫెర్రస్ (Fe2+) వాటా మాత్రమే తీసుకోవాలి. గాజులోని ఇనుము, మెగ్నీషియం రెండిట్లో మెగ్నీషియం వాటా 55 శాతం అనుకుందాం. దానికి సరిపోయే ఆలివిన్‌లో మెగ్నీషియం వాటా 80 శాతం దగ్గర ఉండాలి. మీ స్ఫటికం నడుమ 88 ఉందా? అది వేరే మాగ్మా బిడ్డ. అంచు 80 ఉంటే అంచునే వాడండి. నడిమి భాగానికి 69 శాతం దగ్గరున్న ద్రవం వెతుక్కోవాలి.

పైరాక్సీన్ అనే మరో ఖనిజం ఇంకా మాయలాడి. పీడనం పెరిగితే అందులో అల్యూమినియం పెరుగుతుంది, లోతు లెక్కకు ఆధారాల్లో అదొకటి. కానీ త్వరగా చల్లారినా అల్యూమినియం పెరుగుతుంది. పైగా ఒకే స్ఫటికంలో, ఒకేసారి పెరిగిన రెండు ముఖాల్లో అది వేర్వేరుగా ఉంటుంది. ఫొటోలో డమరుకం ఆకారం కనిపిస్తే ఇదే సంగతి. చూసుకోకుండా చుక్కలు పెడితే ఒక సగం లోతుగానూ, మరో సగం పైపైనా పెరిగినట్టు తేలుతుంది. చివరి 20 మైక్రాన్ల అంచును నేను పూర్తిగా వదిలేస్తాను.

స్ఫటికాల్లో చిక్కుకున్న గాజు చుక్కల్ని కొలిస్తే చాలు, ఈ గొడవంతా ఎందుకంటారు కొందరు. పీడనం ఎక్కువైతే ఆ చుక్కలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కరుగుతుంది కాబట్టి మాట నిజమే. కానీ చల్లారేటప్పుడు చుక్కలో బుడగ పుట్టి, వాయువులో పెద్ద వాటా అందులోకి పోతుంది. గాజొక్కటే కొలిస్తే లోతు తక్కువ వస్తుంది. బుడగను రామన్ వర్ణపటంతో విడిగా కొలవాలి. విశాఖలో బడిచదువు చదివిన మన సి.వి. రామన్ 1928లో పట్టుకున్న ఆ ప్రభావమే.

లోతు

జోడీ కుదిరిన కొలతలను బారోమీటర్ సూత్రంలో, అంటే రసాయనం నుంచి పీడనం చెప్పే సూత్రంలో పెట్టండి. భూపటలంలో ఒక కిలోబార్ (మన గాలి పీడనానికి సుమారు వెయ్యింతలు) అంటే సుమారు 3.6 కిలోమీటర్లు. మంచి సూత్రమైనా కిలోబార్ రెండు కిలోబార్లు అటూఇటూ ఊగుతుంది. అందుకే ఒక్క స్ఫటికం మాట వినొద్దు, గుంపును చూడండి. ఐస్‌లాండ్‌లో రేక్యానెస్ ద్వీపకల్పం సుమారు 800 ఏళ్లు నిద్రపోయాక, 2021 మార్చి 19న అక్కడి అగ్నిపర్వతం ఫాగ్రడాల్స్‌ఫ్యాట్ల్ లేచినప్పుడు, స్ఫటికాలూ గాజూ చెప్పిన లోతు 15 కిలోమీటర్లకు అటూఇటూ. అంటే పటలం అడుగున. అక్కడికి పదిమైళ్లు కూడా లేని చోట 2023 డిసెంబరు 18న మొదలైన పేలుళ్లకు మాగ్మా అందించిన నిల్వ 4, 5 కిలోమీటర్ల లోతులోనే ఉంది.

కాలం

వలయాల గీతలు ఎంత మసకబారాయో చూస్తే, కొత్త మాగ్మా వచ్చి తగిలాక స్ఫటికం ఎన్నాళ్లు వేడిలో ఉందో చెప్పొచ్చు. అమెరికా అగ్నిపర్వతం సెయింట్ హెలెన్స్‌లో 1980 నుంచి 1986 వరకు పేలిన రాళ్లలో పైరాక్సీన్ అంచులు చాలావరకు పేలుడుకు ముందు ఏడాదిలోపు పెరిగినవే. ఆ అంచులు పెరిగిన రోజులు భూకంపాలు ఎక్కువైన రోజులతో కలిశాయి. ఆలివిన్‌తో చేసేటప్పుడు స్ఫటికం ఏ వైపు తిరిగి ఉందో కొలవండి. సి అక్షం (స్ఫటికం మూడు దిక్కుల్లో ఒకటి) వెంట ఇనుము, మెగ్నీషియం మిగతా దిక్కులకన్నా ఆరింతలు వేగంగా కదులుతాయి. దిక్కు తప్పితే ఒక నెల కాస్తా ఆరు నెలలవుతుంది.

ఫలితం రాసేటప్పుడు ఒక్క అంకె వేయకండి, ఇంత నుంచి ఇంత అని రాయండి. కింద బొమ్మ పెట్టాలనుకుంటే బెలూన్ గీయకండి. ఆ లోతుల మధ్య దట్టంగా చుక్కలు పెట్టి, సందుల్లో ఎర్ర పెన్సిల్‌తో సన్నగా గీతలు లాగండి.